పేరు గడిలో ‘ఇంకా’

థ్రాసివులోస్ కొత్సిఫాస్ అన్న పేరులో మొదటి ముక్కకు మా గ్రీకు భాషలో ‘ధైర్యంగా తేల్చి చెప్పేవాడు’ అని అర్థం. తాతగారి పేరు కదా అని పెట్టేశారు, వాళ్లను అని లాభం లేదు. నలభై రెండేళ్ల జీవితంలో ఆ మనిషి తేల్చి చెప్పిన మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. మా పాలియోస్కాలా రేవులో అందరూ అతన్ని థ్రాసోస్ అంటారు. తెలుగువాళ్ల చెవికి అది త్రాసులా వినబడుతుంది. నిజానికి అదే అతనికి సరిగ్గా నప్పే పేరు. ముల్లు ఊగుతూనే ఉంటుంది తప్ప ఎటూ వాలదు.

పట్టాళంలో చేరిన రోజు బూట్లు పంచేవాడు “నలభై రెండేగా?” అన్నాడు. థ్రాసోస్ పాదం నలభై నాలుగు. పాపం, వెనక ఇంతమంది నిలబడి ఉంటే ఆయనతో వాదన ఎందుకని తీసుకుని ఏడాదిన్నర కుంటాడు. మా వీధిలో రెండు క్షౌరశాలలు ఎదురెదురుగా ఉంటాయి. ఎవరి మనసూ నొప్పించకూడదని ఒకచోట జుట్టు, మరొకచోట గడ్డం చేయించుకుంటాడు. పెళ్లి సంగతీ అంతే. పోలిక్సేని రెండేళ్లు ఓపికపట్టి, ఒక ఆదివారం తనే “మనం పెళ్లి చేసుకుంటున్నాం, నీకేమన్నా అభ్యంతరమా?” అంది. అభ్యంతరం చెప్పడం చేతకాని మనిషి కాబట్టి ఆ పెళ్లి జరిగిపోయింది. అతని చేతకానితనం వల్ల జరిగిన మంచి పనుల్లో అది మొదటిది.

చేసే పని ఇళ్ల పైకప్పులకు సున్నపు పువ్వులు పొయ్యడం. జిప్సం కలిపి, అచ్చులో పోసి, దీపం వేలాడే చోట గులాబీలో ద్రాక్షగుత్తులో అతికిస్తాడు. చెయ్యి చాలా మంచిది. గులాబీలు కావాలా ద్రాక్షలు కావాలా అని ఇంటావిడ అతన్నే అడిగితే మాత్రం తల గోక్కుని రెండూ పోసేవాడు. అలా మా ఊళ్లో సగం ఇళ్ల కప్పుల మీద గులాబీలు కాసిన ద్రాక్షతీగలున్నాయి. తర్వాత దేశానికి ఆ గడ్డుకాలం వచ్చింది. బ్యాంకులు మూతపడే రోజుల్లో కప్పు మీద పువ్వులు ఎవరికి కావాలి? కప్పు నిలబడితే చాలనుకున్నారు జనం. పోలిక్సేని పనిచేసే బేకరీ కూడా పూటపనికి దిగిపోయింది.

అసలు కథ పిల్ల పేరుతో మొదలైంది. మావాళ్లలో బిడ్డకు పేరు బాప్తిస్మం నాడే వస్తుంది. అందాకా మగపిల్లాడైతే ‘బేబీస్’, ఆడపిల్లయితే ‘బేబా’. ప్రభుత్వ రిజిస్టర్లో కూడా పేరు గడి ఖాళీగానే ఉంటుంది. కొందరికి ఆర్నెల్లు, కొందరికి ఏడాది. థ్రాసోస్ కూతురికి మూడేళ్లు నిండినా అది బేబానే. కారణం దాని తండ్రి రెండు మాటలిచ్చేశాడు.

మొదటి మాట తల్లికి. రేవు వైపు ఊళ్లలో తొలి ఆడపిల్లకు నాన్నమ్మ పేరు పెట్టడం ఆచారం. తల్లి పేరు అసిమినా, అంటే వెండి. పోలిక్సేనికి నెల తప్పిందని తెలిసిన రోజే ఆమె కొడుకు గడ్డం పట్టుకుని, “ఆడపిల్లయితే నా పేరేగా నాయనా?” అంది. “అంతేగా అమ్మా” అన్నాడు. రెండో మాట అత్తకు. ఆవిడ కొండ మీది పల్లె మనిషి. అక్కడి ఆచారం అమ్మమ్మ పేరు. ఆవిడ పేరు దియమందో, అంటే వజ్రం. థ్రాసోస్‌కు అపెండిసైటిస్ ఆపరేషన్ అయినప్పుడు రోజూ రెండు బస్సులు మారి నిమ్మరసం పిండిన కోడిచారు తెచ్చి తాగించింది. మత్తు వదలని ఆ మనిషి చెయ్యి పట్టుకుని, “నా పేరు పెడతావుగా అల్లుడూ?” అంటే, “అంతకన్నానా అత్తా” అన్నాడు. మత్తు లేకపోయినా అదే అనేవాడు, అతని సంగతి నాకు తెలుసు.

వెండి ఒకవైపు, వజ్రం ఒకవైపు, ఇంట్లో ఇత్తడి గ్లాసు కూడా సరైంది లేదు. బాప్తిస్మం ఎప్పుడని ఎవరడిగినా “రోజులు బాలేవుగా, కాస్త కుదుటపడనీ” అనేవాడు. దేశం మునిగిపోతుంటే లోపల్లోపల సంతోషించిన మనిషి మా రేవు మొత్తానికి అతనొక్కడే.

ఈలోగా నాన్నమ్మ చాటుగా దాన్ని “అసిమినాకీ” అని ముద్దుగా పిలిచి నువ్వులద్దిన కుళూరి రొట్టె చేతిలో పెట్టేది. అమ్మమ్మ వచ్చినప్పుడు “దియమందూలా” అని పిలిచి హల్వా ముక్క పెట్టేది. పిల్ల ఏ పేరుకు ఏం దొరుకుతుందో గమనించుకుని దానికి తగ్గట్టు పలికేది. పైగా దానికి పెద్దవాళ్ల మాటల్లో మహా ఇష్టమైన మాట ఒకటుంది: “అకోమా.” మా భాషలో ‘ఇంకా’ అని. తెలుగు ‘ఇంకా’ లాగే దాన్ని ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఇంకా కాలేదు అన్నా అకోమా, ఇంకా ఉన్నాం అన్నా అకోమా, ఇంకా పెట్టు అన్నా అకోమానే. పిల్ల రోజుకు నలభైసార్లు పళ్లెం చాచి “అకోమా!” అంటుంది.

ఇంటద్దె నెలల తరబడి బాకీ పడింది. ఇంటి యజమాని మేనియోస్ కింది వాటాలో ఉంటాడు. చెడ్డవాడు కాదు. అతని పింఛను కూడా కోసేశారు, ఆ కోపమంతా మెట్ల మీద ఖర్చు పెడతాడు. రోజూ పొద్దున్నే థ్రాసోస్ మెట్లు దిగుతుంటే కాఫీ గిన్నెతో తలుపులో నిలబడి, “అకోమా ఇక్కడే?” అంటాడు. ఇంకా ఇక్కడేనా, ఇంకా ఖాళీ చెయ్యలేదా అని. థ్రాసోస్ నేల చూపులు చూస్తూ “అకోమా” అని జారుకుంటాడు. చివరికి ఒకరోజు మేనియోస్ ఆపి కూర్చోబెట్టాడు.

“చూడు థ్రాసో, నేను రాక్షసుణ్ణి కాదు. పిల్లలున్న అద్దెవాళ్లకి ప్రభుత్వం అద్దె సాయం ఇస్తోందంట. డబ్బు నేరుగా యజమానికే వస్తుందంట. ఆ మంజూరు కాగితం నెలాఖరులోగా నా చేతిలో పెట్టు, నువ్వు ముసలాడివయ్యేదాకా ఉండు. లేదా తాళాలు పెట్టు. రెండిట్లో ఏది?”

“నీ ఇష్టం మేనియో” అన్నాడు థ్రాసోస్ అలవాటుగా.

“నా ఇష్టమేంట్రా నాయనా!” అని తల పట్టుకున్నాడు మేనియోస్.

అలా థ్రాసోస్ సహాయ కేంద్రానికి వెళ్లాడు. దరఖాస్తులకు అది ఆఖరి రోజు కావడంతో వరస బయట చేపల బజారు దాకా పాకింది. మూడున్నర గంటలకు అతని వంతు వచ్చింది. కిటికీ వెనక వాయా అనే ఉద్యోగిని తల ఎత్తకుండా టైపు చేస్తోంది. పొద్దుట్నుంచి వంద ఇళ్ల కష్టాలు విని ఆమె గొంతు బొంగురుపోయింది.

“మీ పేరు? ... భార్య? ... పిల్లలు?”

“ఒక్కతే అమ్మా. ఆడపిల్ల.”

“పేరు?”

పేరింకా పెట్టలేదనీ, వెండీ వజ్రం ఉన్నాయనీ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? “అకోమా...” అన్నాడు థ్రాసోస్.

టకటకా నాలుగైదు మీటలు నొక్కింది వాయా. అప్పుడు ఆ రోజు మొదటిసారి తలెత్తి నవ్వింది. “అకోమా! బాగుందే. పొద్దుట్నుంచి మరియాలూ ఎలేనీలూ కొట్టీకొట్టీ వేళ్లు పడిపోయాయి. ఎవరు పెట్టారండీ?”

చెప్పాల్సిన క్షణం అది. కాని వెనక ముప్పైమంది. పైగా ఆ అమ్మాయి అంత అలసటలో నవ్వింది, ఆ నవ్వు చెరిపెయ్యమంటే ఎలా? “అలా... కుదిరిందమ్మా” అని సంతకం పెట్టి, బయటపడ్డాడు. ఆఫ్టరాల్ కంప్యూటరే కదా, దానికేం తెలుస్తుందిలే అనుకున్నాడు. నలభై రెండో నంబరు బూట్లు మళ్లీ కాలికి తొడుక్కున్నట్టు అతనికి అప్పుడు తోచలేదు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. పోలిక్సేని చేతులకు అంటిన పిండి తుడుచుకుని చించింది. చదువుతూ చదువుతూ ఆమె కనుబొమలు పైకి వెళ్లాయి.

“ఏమయ్యా, ఎవరీ అకోమా?”

“ఎవరు?”

“‘మీ కుమార్తె అకోమా కొత్సిఫా’ అని రాశారు. నాకు తెలీకుండా ఇంకో కూతురుందా నీకు?”

“ఇంకో కాదే, ఇంకా.”

“ఇంకానా! ఇంకా ఎంతమందయ్యా?”

“అది కాదు పోలిక్సేనీ, ఇంకా అన్నా. అన్నానా... ఆ అమ్మాయి రాసేసింది.”

జరిగిందంతా విన్నాక పోలిక్సేని కుర్చీలో కూలబడి ముందు పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత ఉత్తరం రెండో పేజీ చదివి నవ్వు ఆపేసింది. సాయం మంజూరుకు అన్నీ సరిపోయాయి. ఒక్కటే పేచీ. దరఖాస్తులో పిల్ల పేరు అకోమా, రిజిస్టర్లో పేరు గడి ఖాళీ. రెండూ ఒకటేనని జనన రిజిస్టర్ నకలు శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటలోగా తేకపోతే దరఖాస్తు రద్దు.

ఇద్దరూ వాయా దగ్గరికి పరుగెత్తారు. ఆమె విషయం విని రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి మాట్లాడింది.

“దరఖాస్తులో పేరు మారిస్తే కొత్త దరఖాస్తు కింద లెక్క. కొత్తవి మూసేశారు, మళ్లీ వచ్చే ఏడు. నాదే తప్పని రాసిస్తాను, కాని ఆ కాగితం ఏథెన్స్ వెళ్లి రావడానికి ఏడు నెలలు. నిరుటి తప్పులే ఇంకా రాలేదు.”

“మరి దారి?” అంది పోలిక్సేని.

వాయా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “కంప్యూటర్ని మార్చలేం. పిల్లకి పేరెలాగూ లేదుగా? రిజిస్ట్రార్ దగ్గరికెళ్లి తల్లీ తండ్రీ సంతకం పెట్టి పేరు రాయించెయ్యచ్చు, చర్చితో పనిలేదు. ఏ పేరైనా చెల్లుతుంది. కాని ఒక్క పేరైతేనే ఇల్లు దక్కుతుంది.”

ఇంటి గుమ్మం ముందు ఆగి పోలిక్సేని అంది: “నాకు మా అమ్మ పేరు కావాలనీ లేదు, మీ అమ్మ పేరు కావాలనీ లేదు. ఆ వంటింటి కిటికీ కావాలి. అది పుట్టాక మొదటిసారి నవ్వింది ఆ కిటికీ కిందే. కాని మీ అమ్మకీ మా అమ్మకీ ఈసారి నువ్వు చెప్పాలి. నేను చెప్పను.”

థ్రాసోస్ మాటిచ్చింది ఇద్దరు ముసలివాళ్లకు. మా వాళ్లకు పేరంటే వట్టి పిలుపు కాదు. మనవరాలికి పేరు దిగితే తాము పూర్తిగా పోమని నమ్ముతారు. ఆ నమ్మకాన్ని ఇద్దరికీ ఇచ్చి, ఇప్పుడు ఇద్దరి నుంచీ లాక్కోవాలి. గురువారం సాయంత్రం ఇద్దర్నీ పిలిచాడు.

వియ్యపురాళ్లిద్దరూ వంటింటి బల్లకు చెరోవైపు కూర్చున్నారు. అసిమినా పండగ గౌను వేసుకొచ్చింది. దియమందో కొండ మీంచి ఒక సీసాడు మేకపాలు, ఒక బస్సు ప్రయాణపు కోపం తెచ్చింది. ఇద్దరికీ తమ పేరే ఖాయమైందని కబురందినట్టుంది.

“ఏమనుకోకండి వదినా” అంది అసిమినా తియ్యగా. “మీ పేరు రెండో పిల్లకి పెట్టుకుందురుగాని.”

“నేనూ అదే చెబ్దామని వచ్చా వదినా” అంది దియమందో. “వెండి తొందరగా నల్లబడుతుంది. ఆలస్యమైనా పర్లేదు, మీది తర్వాత రుద్దుకోవచ్చు.”

“వజ్రం మింగితే చస్తారంట.”

“చేతగానోళ్లు మింగుతారు.”

థ్రాసోస్ రెండుసార్లు దగ్గాడు. మూడోసారికి సంగతి అంతా చెప్పాడు. ఉత్తరం, గడి, శుక్రవారం, అకోమా.

“అకోమానా?” అన్నారు ఇద్దరూ ఒకేసారి. మూడేళ్లలో వాళ్లిద్దరూ కలిసి అన్న మొదటి మాట అది.

“అదేం పేర్రా! రేపు బళ్లో ‘అకోమా వచ్చిందా?’ అంటే ‘ఇంకా రాలేదు’ అంటారు!” అంది అసిమినా.

“పెళ్లి పీటల మీద ‘వధువు ఎవరు’ అంటే ‘ఇంకా’ అంటారు, పెళ్లికొడుకు పారిపోతాడు!” అంది దియమందో.

“ఇల్లు పోతే పోనీ. నా దగ్గరికొచ్చెయ్యండి. గదొక్కటే అయినా సర్దుకుందాం. నా కానరీ పిట్టని వరండాలో పెడతా” అంది అసిమినా.

“ఆ గూట్లోకా? మా దగ్గరికి రండి. మేకలున్నాయి, గాలుంది.”

“గాలి తిని బతుకుతారా?”

“ఏంరా, ఎవరింటికి వస్తావు, చెప్పు!” అంది తల్లి.

“ఆఁ, చెప్పు అల్లుడూ. ఎవరింటికి?” అంది అత్త.

థ్రాసోస్ తలెత్తి చూశాడు. అటు పండగ గౌను, ఇటు మేకపాల సీసా. ఎవరింటికి వెళ్లినా రెండోవాళ్ల గుండె పగులుతుంది. పేరు తేల్చకుండా మూడేళ్లు గడిపితే, ఇప్పుడు ఇల్లే పేరయి కూర్చుంది. ఈ ప్రశ్న తనను చచ్చేదాకా వదలదని అతనికి అర్థమైంది. ఎంత విసుగొచ్చిందంటే, లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. దాన్ని ఎత్తబోయి, మానేశాడు.

“రాను” అన్నాడు.

“ఎవరింటికి రావు?”

“మీ ఇంటికీ రాను, మీ ఇంటికీ రాను. నేను ఇక్కడే ఉంటా. దాని పేరు అకోమా. ఇద్దరికీ మాటిచ్చా. ఇద్దరి దగ్గరా తప్పా. మీరు తిట్టండి, నేను వింటా. కాని రేపు పదింటికి వెళ్లి రాయించేస్తున్నా.”

పోలిక్సేని పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ మనిషిని ఆమె పదకొండేళ్లుగా ఎరుగును. ఇతన్ని మాత్రం ఇప్పుడే చూస్తోంది.

అసిమినా కళ్లలో నీళ్లు తిరిగాయి. “అయితే నా పేరు నాతోనే పోతుందన్నమాట” అంది మెల్లగా. ఆ మాటకు ఎదుటి మనిషి వెక్కిరిస్తుందనే అందరూ అనుకున్నారు. దియమందో మేకపాల సీసా మూత తిప్పుతూ కూర్చుంది. ఆవిడకు ఉన్నదీ ఒక్క కూతురే.

“నాది కూడా పోతుందిగా వదినా” అంది చివరికి.

అసిమినా ముక్కు తుడుచుకుంది. “మీ పేరు మాత్రం పెట్టట్లేదు, అంతేనా?”

“మీదీ పెట్టట్లేదు.”

ఇద్దరి మొహాలూ కొంచెం తేరుకున్నాయి. సరిగ్గా అప్పుడే పిల్ల పళ్లెం చాచి “అకోమా!” అంది. ఇద్దరూ ఒకేసారి గరిటె కోసం చెయ్యి చాపారు.

శుక్రవారం పదింటికే వెళ్లినా వాళ్ల వంతు వచ్చేసరికి పన్నెండున్నర. రిజిస్ట్రార్ గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన చూసిన పేర్లన్నిటికీ చర్చి పంచాంగంలో ఎవరో ఒక పునీతుడు ఉన్నాడు, ఆ పునీతుడి రోజే ఆ పేరువాళ్లకు పండగ.

“ఇది పేరు కాదయ్యా, మాట. దీనికి పేరు పండగ ఎప్పుడొస్తుంది?”

“సకల పునీతుల ఆదివారం నాడు” అంది పోలిక్సేని. “ఏ పునీతుడి పేరూ లేని వాళ్లందరికీ ఆ రోజేగా.”

“ఆలోచించుకున్నారా? ఇది బతికినన్నాళ్లూ ఉండే పేరు. తండ్రిగారూ, మీరు చెప్పండి. ఖాయమేనా?”

“అకోమా” అన్నాడు థ్రాసోస్.

ఆయన కలం గాల్లో ఆగింది. “ఇంకా ఖాయం కాలేదా?”

“ఖాయమే! పేరు చెప్తున్నా!” అని అరిచాడు థ్రాసోస్. గడియారం పన్నెండూ నలభై. కిటికీ మీద పావురాలు ఎగిరిపోయాయి. నిన్నటి నుంచి అతనికి గొంతు ఉందని తెలిసొచ్చింది, ఎంత వాడాలో కొలత ఇంకా కుదరలేదు. రిజిస్ట్రార్ గారు గబగబా రాసేసి ముద్ర కొట్టారు. పన్నెండూ యాభై ఎనిమిదికి నకలు వాయా చేతిలో పడింది. ఆమె కంప్యూటర్లో కొట్టి, తెర వాళ్ల వైపు తిప్పింది. ఎర్రగా ఉన్న గడి పచ్చబడింది. వరసలో ఉన్నవాళ్లు ఎందుకో తెలీకుండానే చప్పట్లు కొట్టారు.

మంజూరు కాగితం నెలాఖరుకు రెండు రోజుల ముందు వచ్చింది. మేనియోస్ దాన్ని దీపం దగ్గర పెట్టి రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అసిమినా ఇప్పుడు పిల్లను ఒళ్లో పెట్టుకుని “అకోమా అసిమినా” అని పాడుతుంది. ఇంకా అసిమినానే అని ఆవిడ ఉద్దేశం. దియమందో వచ్చినప్పుడు “అకోమా దియమందో” అని పాడుతుంది. ఆ సంగతి ఒకరిది ఒకరికి తెలుసు, తెలియనట్టు ఉంటారు. బాప్తిస్మం ఎప్పుడని అడక్కండి. దానికి జవాబు కూడా ఆ మాటే.

థ్రాసోస్ మరీ మారిపోలేదు. గడ్డం ఒకచోట, జుట్టు ఒకచోటే. కాకపోతే మొన్న బూట్ల దుకాణంలో “నలభై నాలుగు” అని గట్టిగా అన్నాడంట, అమ్మేవాడు జడుసుకున్నాడంట.

మేనియోస్‌కు మాత్రం నోటి అలవాటు పోలేదు. కాగితం వచ్చిన మర్నాడు పొద్దున, థ్రాసోస్ మెట్లు దిగుతుంటే కాఫీ గిన్నెతో తలుపులోకి వచ్చి, పాత పాటే అందుకున్నాడు.

“అకోమా ఇక్కడే?”

థ్రాసోస్ నోరు తెరిచేలోపు పైన తలుపు ధడాలున తెరుచుకుంది. పిల్ల చొక్కా ఒక చేతికి, లాగు ఒక కాలికి తొడుక్కుని మెట్ల కడ్డీల మధ్యలోంచి తల బయటపెట్టింది. తనను పేరుపెట్టి పిలిచారని మొహం వెలిగిపోతోంది.

“ఆఁ! ఇక్కడే ఉన్నా!” అంది.